మొదటి దమ్ముకు ముందే

"మొక్కై వంగనిది మానై వంగునా" అని పెద్దలంటారు. ఈ సామెతను సాధారణంగా మంచి అలవాట్లను గూర్చి చెబుతారు. చెడు అలవాట్లకు కూడా అది అంతే వర్తిస్తుంది. లేతప్రాయంలో అంటుకొన్న అలవాటు వయసుతోపాటు వేళ్ళు తన్నుతుంది. పెద్దయిన తరువాత దానిని పెకలించడం కష్టం. పొగ తాగడం అటువంటి అలవాటు. దానిని మాన్పించడం కంటె మొదలుకాకుండా చూడటం ఎంతో తేలిక. అందుకే అనేక దేశాలు ఈ పని కోసం పాఠశాలల వైపు చూశాయి. అయితే పాఠశాల ఈ పనిని ఎలా చేయగలదు? ఏ పద్ధతి ఫలించింది? ఏది విఫలమైంది? ఈ ప్రశ్నలకు సమాధానం తెలుసుకోవాలంటే ముందుగా పొగాకును గురించి కొంత తెలుసుకోవాలి.

పొగాకు మన దేశంలో పుట్టిన మొక్క కాదు. అమెరికా ఖండంలో పుట్టిన దీనిని పోర్చుగీసు వర్తకులు సుమారు నాలుగు వందల ఏళ్ళ కిందట మన తీరాలకు తెచ్చారు. 17వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో అక్బరు చక్రవర్తి పనిమీద బీజాపూరుకు వెళ్ళిన అసద్ బేగ్ అనే ఉద్యోగి అక్కడ పొగాకును మొదటిసారి చూశాడు. ఆ వింత వస్తువును కానుకగా చక్రవర్తి వద్దకు తీసుకొనిపోయాడు. ఆస్థాన వైద్యుడు వారించినా అక్బరు కుతూహలం కొద్దీ రుచి చూశాడు. ఆయన దానిని అలవాటు చేసుకోలేదు. కాని కొలువులోని ప్రభువులు పట్టుకొన్నారు. ప్రభువులను చూసి ఇతరులు పట్టుకొన్నారు. 1617లో జహంగీరు పొగ తాగడాన్ని నిషేధించాడు. అయినా అలవాటు ఆగలేదు. ఈ చిన్న చరిత్రలో రెండు సంగతులు కనిపిస్తాయి. ఒకటి, గొప్పవారనుకొనే వారిని చూసి ఈ అలవాటు వ్యాపిస్తుంది. రెండు, "వద్దు" అని ఆజ్ఞాపించినంత మాత్రాన అది పోదు. పాఠశాలల అనుభవం కూడా ఈ రెండు సంగతులనే మళ్ళీ చెప్పింది.

నేడు పొగాకు అనేక రూపాలలో దొరుకుతుంది. చుట్ట, బీడీ, సిగరెట్టు కాల్చేవి. ఖైనీ, జర్దా, గుట్కా నమిలేవి. నశ్యం పీల్చేది. మహారాష్ట్రలో పళ్ళు తోముకొనే మిశ్రి, ఒడిశాలో పళ్ళకు రుద్దుకొనే గుడాకు కూడా పొగాకుతో చేసినవే. శ్రీకాకుళం ప్రాంతంలోని పల్లెల్లో కొందరు, ముఖ్యంగా స్త్రీలు, చుట్ట నిప్పుకొసను నోటిలో ఉంచుకొని కాలుస్తారు. దీనిని అడ్డపొగ అంటారు. అలా కాల్చేవారిలో అంగిలికి క్యాన్సరు వస్తున్నట్లు వైద్యులు చాలా కాలం కిందటే గుర్తించారు. రూపం ఏదైనా, పేరు ఏదైనా, లోపల ఉన్నది ఒకే పొగాకు.

పొగాకులో నికోటిన్ అనే పదార్థం ఉంది. పొగ పీల్చిన పది, ఇరవై సెకన్లలోనే అది మెదడును చేరుతుంది. అక్కడ డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేయించి, కొద్దిసేపు హాయిగా ఉన్నట్లు అనిపింపజేస్తుంది. ఆ ప్రభావం త్వరగా తగ్గిపోతుంది. తగ్గగానే చిరాకు, అశాంతి మొదలవుతాయి. వాటిని పోగొట్టుకోవడానికి మరొక దమ్ము కావాలనిపిస్తుంది. ఇలా మెదడు నికోటిన్‌కు బానిస అవుతుంది. మనిషి మెదడు సుమారు 25 ఏళ్ళ వరకు ఎదుగుతూనే ఉంటుంది. ఎదుగుతున్న మెదడు నికోటిన్‌కు మరింత త్వరగా లొంగిపోతుంది. "ఎప్పుడు కావాలంటే అప్పుడు మానేస్తాను" అని మొదలుపెట్టిన కుర్రవాడు, మానాలనుకొన్న నాటికి మానలేకపోవడానికి కారణం ఇదే. అది మనోబలం లేకపోవడం మాత్రమే కాదు. శరీరమే మారిపోవడం.

నికోటిన్ కట్టిపడేస్తే, పొగలోని ఇతర పదార్థాలు శరీరాన్ని దెబ్బతీస్తాయి. సిగరెట్టు పొగలో 7,000కు పైగా రసాయనాలున్నాయి. వాటిలో సుమారు 70 క్యాన్సరును కలిగించేవి. పొగలోని కార్బన్ మోనాక్సైడు రక్తంలో చేరి, ప్రాణవాయువును మోసే శక్తిని తగ్గిస్తుంది. అందువల్ల పొగతాగే పిల్లవాడు ఆటలో తొందరగా ఆయాసపడతాడు. తారు ఊపిరితిత్తులలో పేరుకొంటుంది. బీడీలో ఉన్నది ఆకే కదా, హాని తక్కువ అనుకోవడం పొరపాటు. బీడీ కూడా క్యాన్సరుకు, శ్వాసకోశ వ్యాధులకు కారణమవుతుంది.

పొగకూ ఊపిరితిత్తుల క్యాన్సరుకూ గల సంబంధాన్ని 1950లో బ్రిటనుకు చెందిన రిచర్డ్ డాల్, ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ నిరూపించారు. తరువాత 1951లో వారు అక్కడి వైద్యుల ఆరోగ్యాన్ని ఏళ్ళ తరబడి గమనించే పనికి పూనుకొన్నారు. ఆ పరిశీలన యాభై ఏళ్ళు సాగింది. జీవితమంతా సిగరెట్లు కాల్చినవారు, కాల్చనివారి కంటె సగటున సుమారు 10 ఏళ్ళు ముందుగా మరణిస్తున్నారని 2004లో వెల్లడైన ఫలితాలు చెప్పాయి. 60 ఏళ్ళ వయసులో మానినవారు ఆ పదిలో సుమారు 3 ఏళ్ళు, 50లో మానినవారు 6 ఏళ్ళు, 40లో మానినవారు 9 ఏళ్ళు తిరిగి సంపాదించుకొన్నారు. 30 ఏళ్ళకే మానినవారు దాదాపు మొత్తం తిరిగి పొందారు. కాబట్టి మానడం ఏ వయసులోనైనా మేలే. అసలు మొదలుపెట్టనివాడికి ఈ లెక్కతో పనే లేదు.

మరి ఈ అలవాటు ఏ వయసులో మొదలవుతుంది? మన దేశంలో 13 నుండి 15 ఏళ్ళ వయసు గల విద్యార్థులపై 2019లో జాతీయ స్థాయిలో ఒక సర్వే జరిగింది. వారిలో 8.5 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నట్లు తేలింది. అంటే వందమందిలో ఎనిమిది, తొమ్మిది మంది. అంతకంటె విచారకరమైన విషయం మరొకటి ఉంది. సిగరెట్టు రుచి చూసిన పిల్లలలో 38 శాతం, బీడీ రుచి చూసినవారిలో 47 శాతం, నమిలే పొగాకును రుచి చూసినవారిలో 52 శాతం మంది తమ పదవ పుట్టినరోజుకు ముందే ఆ పని చేశారు. పదేళ్ళంటే నాలుగవ, అయిదవ తరగతి చదివే వయసు. ఆ వయసు పిల్లవాడికి క్యాన్సరు అనే మాట తెలిసినా, అది ముప్పై, నలభై ఏళ్ళ తరువాతి సంగతి. ఇప్పుడు పక్కనున్న స్నేహితుడు ఏమంటాడన్నదే అతనికి పెద్ద విషయం.

పిల్లలు పొగాకు వైపు ఎలా పోతారో గురజాడ అప్పారావు నూరేళ్ళకు పూర్వమే చూపించారు. 'కన్యాశుల్కం' నాటకంలో గిరీశం మాటకారి. ఇంగ్లీషు ముక్కలు కలిపి మాట్లాడి కుర్రవాళ్ళను ఆకట్టుకొనేవాడు. చదువు చెప్పవలసిన శిష్యుడు వెంకటేశానికి అతడు నేర్పినది చుట్ట కాల్చడం. వెంకటేశానికి చుట్ట మీద మోజు లేదు. గిరీశం మీద మోజు. గురువుగారిలా కనిపించాలనే కోరికతో అతడు చుట్ట అందుకొంటాడు. నేటి పిల్లల విషయమూ అంతే. ఇంటిలో పెద్దలు కాలుస్తుంటారు. సినిమాలో కథానాయకుడు కాలుస్తాడు. పైతరగతి అన్న కాలుస్తూ పెద్దవాడిలా కనిపిస్తాడు. జట్టులో అందరూ తలా ఒక దమ్ము లాగుతుంటే, ఒక్కడు వద్దంటే పిరికివాడని నవ్వుతారేమోనని భయం కలుగుతుంది. "బాబూ, కొట్టుకు పోయి బీడీకట్ట పట్టుకురా" అని ఇంటిలో పురమాయించినప్పుడు, ఆ వస్తువు పిల్లవాడి చేతికి అలవాటైపోతుంది.

ఈ సంగతిని గమనించకుండా చాలాకాలం పాఠశాలలు ఒకే పద్ధతిని అనుసరించాయి. ఏడాదికి ఒకసారి వైద్యుడిని పిలిపించి ఉపన్యాసం ఇప్పించడం, పాడైన ఊపిరితిత్తుల బొమ్మలు చూపించి భయపెట్టడం, ప్రతిజ్ఞ చేయించడం. పిల్లలు ఆ గంటసేపు భయపడేవారు. పరీక్షలో "పొగ తాగుట హానికరం" అని చక్కగా రాసేవారు. కాని గోడవెనుక స్నేహితుడు సిగరెట్టు అందించినప్పుడు ఏమనాలో ఆ ఉపన్యాసం నేర్పలేదు. హాని ఉందని తెలియడం వేరు, వద్దని చెప్పగలగడం వేరు.

ఈ తేడాను గుర్తించినవారిలో అమెరికాలోని హ్యూస్టన్ నగరానికి చెందిన రిచర్డ్ ఎవాన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ముఖ్యుడు. 1976లో ఆయన ఒక కొత్త ఆలోచనను పరీక్షించాడు. అది టీకా వంటిది. కొన్ని టీకాలు వేసినప్పుడు బలహీనమైన సూక్ష్మజీవిని శరీరానికి ముందుగా పరిచయం చేస్తారు. శరీరం దానితో పోరాడటం నేర్చుకొంటుంది. అసలు రోగం వచ్చినప్పుడు సిద్ధంగా ఉంటుంది. అదేవిధంగా, స్నేహితుల ఒత్తిడి ఎలా వస్తుందో, ప్రకటనలు ఎలా ఆకర్షిస్తాయో పిల్లలకు తరగతిలోనే ముందుగా చూపించాలి. దానికి ఎలా జవాబివ్వాలో వారిచేత సాధన చేయించాలి. అప్పుడు నిజంగా అటువంటి సందర్భం వచ్చినప్పుడు వారు తడబడరు. ఈ ఆలోచనే తరువాత అనేక దేశాలలో పాఠశాల కార్యక్రమాలకు పునాది అయింది.

అయితే పునాది మంచిదైనంత మాత్రాన ఇల్లు నిలబడదు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 1984లో ఒక పెద్ద ప్రయత్నం మొదలైంది. 40 పాఠశాల జిల్లాలలో 8,388 మంది పిల్లలను మూడవ తరగతి నుండి గమనించారు. సగం చోట్ల ఏళ్ళ తరబడి ఈ పాఠాలు చెప్పారు. మిగిలిన సగం చోట్ల చెప్పలేదు. పిల్లలు బడి వదిలిన తరువాత కూడా రెండేళ్ళు గమనించారు. 2000లో ఫలితాలు వెల్లడయ్యాయి. రెండు వైపులా సుమారు నాలుగోవంతు మంది రోజూ సిగరెట్టు కాలుస్తున్నారు. చెప్పుకోదగిన తేడా ఏమీ లేదు! ఇంత శ్రమ పడినా ఫలితం రాకపోవడం అందరినీ ఆలోచింపజేసింది. ఆ కార్యక్రమం తరగతి గదికే పరిమితమైనది. ఉపాధ్యాయులు పాఠాలు చెప్పారు. గంట కొట్టగానే పిల్లలు అదే వీధిలోకి, అదే జట్టులోకి, అదే ఇంటికి వెళ్ళారు.

అంటే పాఠశాల చేయగలిగింది ఏమీ లేదా? ఉంది. చెన్నై, ఢిల్లీ నగరాలలోని 32 పాఠశాలలలో 2004 నుండి 2006 వరకు జరిగిన 'మైత్రి' అనే కార్యక్రమం ఆ సంగతిని చూపించింది. ఢిల్లీకి చెందిన 'హృదయ్' అనే సంస్థ అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయంతో కలిసి దీనిని నడిపింది. ఆరవ, ఎనిమిదవ తరగతుల పిల్లలతో మొదలుపెట్టారు. ముందుగా ఒక సర్వే చేయగా ఆశ్చర్యకరమైన విషయం బయటపడింది. ఆరవ తరగతి పిల్లలలో దాదాపు నాలుగోవంతు మంది ఎప్పుడో ఒకప్పుడు పొగాకు వాడారు. ఎనిమిదవ తరగతిలో అలాంటివారు పదోవంతు కంటె తక్కువ. పెద్ద పిల్లలకంటె చిన్న పిల్లలే ఎక్కువగా పొగాకు జోలికి పోతున్నారన్నమాట! నివారణ పెద్ద తరగతులలో మొదలుపెడితే ఆలస్యమైపోతుందని దీనివల్ల స్పష్టమైంది.

'మైత్రి'లో నాలుగు పనులు కలిసి జరిగాయి. మొదటిది తరగతి గదిలో పాఠాలు. కాని అవి ఉపన్యాసాలు కావు. పిల్లలు చిన్నచిన్న బృందాలుగా కూర్చొని ఆటలు ఆడారు, చర్చించారు. వారిలో నుండే శిక్షణ పొందిన విద్యార్థి నాయకులు వాటిని నడిపించారు. రెండవది బడి గోడలపై పోస్టర్లు. మూడవది తల్లిదండ్రులను కలుపుకోవడం. బడిలో నేర్చుకొన్న సంగతులు ఇంటిదాకా చేరాయి. నాలుగవది, విద్యార్థులే పూనుకొని బడిలోనూ బయటా పొగాకుకు వ్యతిరేకంగా ప్రచారం చేయడం. అంటే వినేవారుగా ఉన్న పిల్లలు చెప్పేవారుగా మారారు. రెండేళ్ళ తరువాత లెక్క చూశారు. కార్యక్రమం జరగని బడులలో పొగాకు వాడకం 68 శాతం పెరిగింది. జరిగిన బడులలో 17 శాతం తగ్గింది. ఇకముందు పొగ తాగాలనే ఉద్దేశం కూడా ఆ పిల్లలలో తగ్గింది.

ఇందులో విద్యార్థి నాయకుల పాత్ర గమనించదగినది. బ్రిటనులోని వేల్స్, పశ్చిమ ఇంగ్లండులలో 59 పాఠశాలలలో జరిగిన మరొక ప్రయత్నం దీనినే నొక్కి చెప్పింది. అక్కడ 12, 13 ఏళ్ళ పిల్లలను "మీ తరగతిలో ఎవరి మాటకు విలువ ఉంది?" అని అడిగారు. పిల్లలు ఎవరి పేర్లు చెప్పారో వారికే శిక్షణ ఇచ్చారు. ఉపాధ్యాయులు తమకు నచ్చిన మంచి పిల్లలను ఏరలేదు. శిక్షణ పొందినవారు ఉపన్యాసాలు ఇవ్వలేదు. పది వారాలపాటు దారిలోనూ, భోజన సమయంలోనూ తోటివారితో మామూలు కబుర్లలోనే పొగ విషయం మాట్లాడారు. 2008లో వెలువడిన ఫలితాల ప్రకారం రెండేళ్ళ కాలంలో ఆ బడుల పిల్లలు పొగకు అలవాటుపడే అవకాశం సుమారు అయిదోవంతు తగ్గింది. వెంకటేశాన్ని చెడగొట్టినది గిరీశం మీది మోజు. అదే మోజును మంచికి కూడా ఉపయోగించవచ్చునని ఈ ప్రయత్నం నిరూపించింది.

ఇటువంటి అనేక పరిశోధనలను ఒకచోట చేర్చి 2013లో పండితులు పరిశీలించారు. కేవలం సమాచారం చెప్పే పాఠాల వల్ల ప్రయోజనం కనబడలేదు. వద్దని చెప్పే నేర్పును, నిర్ణయం తీసుకొనే శక్తిని, కోపతాపాలను అదుపులో ఉంచుకొనే తీరును కలిపి నేర్పిన పాఠాల వల్ల కాలక్రమంలో ప్రయోజనం కనిపించింది. అది కొండంత ప్రయోజనం కాదు. కాని వేల బడులలో, లక్షల పిల్లల విషయంలో చూస్తే అది తక్కువది కూడా కాదు.

విద్యార్థులకు చెప్పే ముందు ఉపాధ్యాయులు ఎలా ఉండాలి? గుట్కా నములుతూ "గుట్కా తినరాదు" అని చెబితే ఎవరు వింటారు? బీహారులో 72 పాఠశాలలలో పొగాకు వాడే ఉపాధ్యాయులచేత ఆ అలవాటు మాన్పించే కార్యక్రమం జరిగింది. ఒక విద్యా సంవత్సరం ముగిసేసరికి కార్యక్రమం జరిగిన బడులలో పొగాకు వాడే ఉపాధ్యాయులలో సగంమంది నెలరోజులుగా దానిని ముట్టకుండా ఉన్నారు. ఇతర బడులలో అలా ఉన్నవారు 15 శాతమే. ఉపాధ్యాయుడు మానితే పిల్లలకు అంతకు మించిన పాఠం లేదు.

బడి చుట్టుపక్కల పరిస్థితి మార్చడానికి చట్టం తోడ్పడుతుంది. మన దేశంలో 2003లో పొగాకు నియంత్రణ చట్టం వచ్చింది. దాని ప్రకారం 18 ఏళ్ళు నిండనివారికి పొగాకు వస్తువులు అమ్మరాదు. విద్యాసంస్థలకు 100 గజాలలోపు అసలే అమ్మరాదు. కర్ణాటకలో 2025లో అమలులోకి వచ్చిన సవరణ ఆ వయసును 21 ఏళ్ళకు పెంచింది. 2015లో వచ్చిన బాలల న్యాయ చట్టం మరింత కఠినమైనది. పిల్లలకు పొగాకు ఇచ్చినవారికి ఏడేళ్ళ వరకు జైలుశిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. 2008 అక్టోబరు 2 నుండి బహిరంగ ప్రదేశాలలో పొగతాగడం నిషేధించారు. ఎలక్ట్రానిక్ సిగరెట్లను 2019లో పూర్తిగా నిషేధించారు. అదే ఏడు కేంద్ర ప్రభుత్వం పొగాకు రహిత విద్యాసంస్థల కోసం మార్గదర్శక సూత్రాలు ప్రకటించింది. బడి సరిహద్దు నుండి 100 గజాల దూరంలో పసుపు గీత గీయాలి. "పొగాకు రహిత ప్రాంతం" అనే బోర్డు పెట్టాలి. ఉపాధ్యాయుల నుండి, విద్యార్థుల నుండి పర్యవేక్షకులను నియమించాలి. ఆరు నెలలకు ఒకసారైనా పొగాకు నివారణకు సంబంధించిన కార్యక్రమం జరపాలి.

గీత గీసినంత మాత్రాన పని పూర్తి కాదు. దానిని కాపాడేవారు ఉండాలి. బడ్డీకొట్టు యజమాని కూడా ఊరివాడే. అతనికి పిల్లలున్నారు. ఉపాధ్యాయులు, గ్రామపెద్దలు కలిసి వెళ్ళి నచ్చజెబితే చాలామంది వింటారు. వినకపోతే ఫిర్యాదు చేయడానికి చట్టం ఉంది. అది పెద్దల పని. పిల్లలు కొట్టువారితో తగాదాకు దిగరాదు.

ఇక్కడ ఒక సున్నితమైన విషయం ఉంది. చాలా తెలుగు కుటుంబాలకు పొగాకే జీవనాధారం. పొగాకు బోర్డు 1976 నుండి గుంటూరు కేంద్రంగా పనిచేస్తోంది. గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులు తరతరాలుగా ఈ పంట పండించారు. కర్ణాటకలోని హుణసూరు ప్రాంతంలోనూ, నిప్పాణి ప్రాంతంలోనూ పొగాకు పండుతుంది. షోలాపూరులో వేలాది తెలుగు స్త్రీలు బీడీలు చుట్టి పిల్లలను చదివించుకొన్నారు. ఒడిశా, తెలంగాణ అడవులలో ఎందరో పేదలు తునికాకు సేకరించి బతుకుతారు. వారు తప్పు చేస్తున్నారని అనరాదు. వారి శ్రమ గౌరవించదగినది. పైగా పొగాకు వల్ల వారి ఆరోగ్యం కూడా దెబ్బతింటుంది. బీడీ చుట్టేవారు పొగాకు ధూళి పీల్చి దగ్గు, ఆయాసాలతో బాధపడతారు. పచ్చి ఆకు కోసే కూలీలకు చర్మం ద్వారా నికోటిన్ ఎక్కి తలతిరుగుడు, వాంతులు వస్తాయి. బీడీ చుట్టే తల్లి తన బిడ్డ బీడీ కాల్చాలని కోరుకోదు. తన బిడ్డ చదువుకొని వేరే పని చేయాలని కోరుకొంటుంది. అలవాటును వ్యతిరేకించాలి. మనిషిని కాదు.

ఇక విద్యార్థి తనంతట తాను చేయగలిగినది ఏమిటి? వద్దని చెప్పే సాధన చేయాలి. దానికి పెద్ద ఉపన్యాసం అక్కరలేదు. "ఒరేయ్, ఒక్క దమ్ము లాగరా, ఏమీ కాదు" అని స్నేహితుడు అంటే, "వద్దురా, నాకు ఇష్టం లేదు" అనడం చాలు. కారణం చెప్పి తీరాలని లేదు. మళ్ళీ బలవంతపెడితే, "పదరా, ఆటకు వేళయింది" అని మాట మార్చవచ్చు. అప్పటికీ వదలకపోతే అక్కడి నుండి వెళ్ళిపోవచ్చు. నవ్వితే నవ్వనివ్వాలి. జట్టులో ఒక్కడు ధైర్యంగా వద్దంటే, లోపల ఇష్టంలేని మరో ఇద్దరికి కూడా ధైర్యం వస్తుంది. నిజానికి 2019 సర్వే లెక్క ప్రకారం వందమందిలో తొంభైకి పైగా విద్యార్థులు పొగాకు వాడటం లేదు. "అందరూ తాగుతున్నారు" అనే మాట నిజం కాదు.

ఇంటిలో పెద్దలకు చెప్పవలసి వచ్చినప్పుడు వినయంగా చెప్పాలి. "తాతా, పిల్లల చేతికి బీడీలు ఇవ్వకూడదని చట్టం ఉందట. అంగడివాడు నాకు ఇవ్వడు" అని మనుమడు అంటే ఏ తాత కోపగించుకొంటాడు? మానాలనుకొనే పెద్దలకు సహాయం కూడా ఉంది. 2016లో కేంద్ర ప్రభుత్వం 1800-11-2356 అనే ఉచిత ఫోను నెంబరును ప్రారంభించింది. దీని ద్వారా సలహాదారులు మానే పద్ధతులు చెబుతారు. ఇప్పటికే ఒకటి, రెండుసార్లు తాగిన విద్యార్థి కూడా దాచుకొని కుమిలిపోనక్కరలేదు. నమ్మకమున్న ఉపాధ్యాయునితోనో, తల్లిదండ్రులతోనో చెప్పుకోవాలి. అటువంటి పిల్లవాడిని దండించి బడి నుండి వెళ్ళగొడితే అతడు మళ్ళీ ఆ గోడ వెనుకకే పోతాడు. దగ్గరకు తీసి సాయం చేస్తే తిరిగి వస్తాడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పిలుపుతో ఏటా మే 31వ తేదీని పొగాకు వ్యతిరేక దినంగా జరుపుకొంటున్నారు. ఆనాడు ఊరేగింపులు, నినాదాలు ఉంటాయి. అవి మంచివే. కాని మే నెలలో చాలాచోట్ల బడులకు సెలవులు. పొగాకుకు సెలవులు లేవు. అందువల్ల ఈ పని ఒక్కరోజుది కాదు, ఏడాది పొడవునా జరగాలి. తరగతి గదిలో నేర్పు, తోటివారి తోడు, ఉపాధ్యాయుల నడవడి, తల్లిదండ్రుల సహకారం, చట్టం అండ కలిసినప్పుడు పాఠశాల ఈ పనిలో గెలుస్తుంది. వీటిలో ఏ ఒక్కటీ విడిగా చాలదు. ఇవన్నీ కలిస్తే, ఒక పదేళ్ళ పిల్లవాడి ముందుకు మొదటి బీడీ వచ్చినప్పుడు అతడు ఒంటరిగా ఉండడు. వద్దని చెప్పగల నాలుక, వెంట నిలిచే స్నేహితుడు అతనికి ఉంటారు.

ప్రశ్నలు

1. పొగ తాగడం మానడం ఎందుకు కష్టమవుతుంది? నికోటిన్ పనితీరును ఆధారంగా చేసుకొని వివరించండి.
2. వాషింగ్టన్ రాష్ట్రంలో జరిగిన ప్రయత్నానికీ, 'మైత్రి' కార్యక్రమానికీ గల భేదాలు రాయండి.
3. "హాని ఉందని తెలియడం వేరు, వద్దని చెప్పగలగడం వేరు." ఈ వాక్యాన్ని సొంత మాటలలో వివరించండి.
4. విద్యార్థి నాయకులను ఉపాధ్యాయులు కాక తోటి విద్యార్థులే ఎన్నుకోవడం వల్ల కలిగే ప్రయోజనమేమిటి?
5. పొగాకుపై ఆధారపడి జీవించేవారి పట్ల ఎటువంటి భావం కలిగి ఉండాలి? ఎందుకు?
6. బడికి 100 గజాల దూరం ఎంతవరకు వస్తుందో ఉపాధ్యాయుని సహాయంతో కొలిచి, పటం గీయండి.
7. స్నేహితుడు సిగరెట్టు ఇవ్వజూపినప్పుడు వద్దని చెప్పే సంభాషణను పది వాక్యాలలో రాసి, తరగతిలో ఇద్దరు కలిసి ప్రదర్శించండి.